వెలుతురు దూరని అతుకు

తలుపు పలకలు అతికే ముందు మంచి వడ్రంగి ఒక పరీక్ష చేస్తాడు. ఒక పలకను అంచు మీద నిలబెట్టి, దాని మీద రెండో పలక అంచును ఆనించి, వెలుతురుకు ఎదురుగా నిలబడి కన్ను చిట్లించి చూస్తాడు. అంచుల మధ్య సన్నటి వెలుతురు గీత కనబడితే ఏమీ మాట్లాడకుండా పలక దించేస్తాడు. ఆ సందు మందం కాగితమంత కూడా ఉండకపోవచ్చు. అయినా దాన్ని జిగురుతో పూడ్చి, బలవంతంగా బిగించి అతికిస్తే ఆ బలవంతం అతుకులోనే దాగి ఉంటుంది. ఒక వానాకాలం చెక్క ఉబ్బి, ఒక ఎండాకాలం కుంచించుకుపోగానే అతుకు నోరు తెరుస్తుంది.

ఆ గీత లేకుండా చేయడానికి మన వడ్రంగులు తరతరాలుగా తోపడ పట్టారు. చిత్రిక పట్టడం అన్న మాట చెక్క పని దాటి రచన దాకా వచ్చిందంటే ఆ పనికి మన భాషలో ఉన్న గౌరవం ఎంతటిదో తెలుస్తుంది. ఈ రోజు చాలా షెడ్లలో ఆ తోపడ స్థానంలో మిషన్ ఉంది. కొందరు రందా మిషన్ అంటారు, కొందరు సర్ఫేస్ ప్లేనర్ అంటారు, కేటలాగుల్లో జాయింటర్ అని ఉంటుంది. పేరేదైనా పని ఒకటే: వంకర పలకకు ఒక తిన్నని ముఖం, దానికి సరిగ్గా మూలమట్టంగా ఒక తిన్నని అంచు ఇవ్వడం.

ఈ మిషన్ గురించి మాట్లాడేటప్పుడు పని నునుపు ఒక సంగతి, చేతి భద్రత ఇంకో సంగతి అన్నట్టు చెబుతుంటారు. భద్రత అంటే పనిని నెమ్మదింపజేసే జాగ్రత్తల చిట్టా అనుకుంటారు. దగ్గర నుంచి చూస్తే ఆ రెండూ వేరు కావు. చెక్కను గరుకు చేసే ప్రతి కారణమూ చేతికి ప్రమాదం తెచ్చేదే. నున్నటి కోతకు దారి తీసే ప్రతి అలవాటూ వేళ్లను కాపాడేదే.

రెండు బల్లలు, ఒక తేడా

మిషన్‌లో రెండు పొడవాటి ఇనప బల్లలుంటాయి. వాటి మధ్య సందులో కట్టర్ బ్లాక్ తిరుగుతుంది. అది బ్లేడ్లు బిగించిన ఉక్కు స్తూపం. మనం చెక్క పెట్టి తోసేది ఇవతలి బల్ల, కోత అయిన చెక్క చేరేది అవతలి బల్ల. కిటుకంతా ఈ రెండింటి ఎత్తుల్లో ఉంది. అవతలి బల్ల దాదాపు బ్లేడు తిరిగే వలయం శిఖరమంత ఎత్తులో ఉండాలి. ఇవతలి బల్ల మాత్రం మనం ఎంత చెక్క తీయాలనుకున్నామో అంత కిందికి ఉండాలి. ఒక మిల్లీమీటరు దించితే ఒక మిల్లీమీటరు చెక్క పోతుంది. కోసిన చోటు ఆ వెంటనే అవతలి బల్ల మీద ఆనుతుంది. పలక ముందుకు సాగేకొద్దీ, తిన్నబడిన భాగమే మిగతా భాగానికి ఆధారమవుతుంది.

అంటే చెక్కను తిన్నగా చేసేది బ్లేడు కాదు, బల్ల. బ్లేడు కోస్తుందంతే. చెక్క తన తిన్నదనాన్ని బల్ల నుంచి నేర్చుకుంటుంది. బల్ల పొడుగ్గా ఉంటే పొడవాటి పలక తిన్నబడుతుంది. అతుకు అంచులకు వడ్రంగి పొట్టి తోపడ వదిలి పొడుగాటిది ఎందుకు తీస్తాడో కూడా ఇందులోనే ఉంది. పొట్టి తోపడ చెక్క వంపుల వెంట పడవలా ఎక్కి దిగుతుంది. పొడుగుది మిట్టల మీదే ఆని వాటిని మాత్రమే కోస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపడతారు. పలక వంకరగా ఉంటే నేరుగా థిక్‌నెస్ ప్లేనర్‌లో దూర్చేస్తారు. ఆ మిషన్‌లో రోలర్లు పలకను గట్టిగా అదిమి పట్టి తోస్తాయి. లోపల ఉన్నంతసేపు వంపు అణిగి ఉంటుంది, బయటికి రాగానే తిరిగి లేస్తుంది. ఆ మిషన్ రెండు ముఖాలను సమాంతరం చేయగలదు గానీ తిన్నగా చేయలేదు. ముందు జాయింటర్ మీద ఒక ముఖం తిన్నబడాలి. తర్వాతే రెండో ముఖానికి థిక్‌నెస్ ప్లేనర్.

అసలు చెక్క ఎందుకు వంగుతుంది? పచ్చి చెక్క ఎండేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. టేకునే చూడండి. పచ్చిది పూర్తిగా ఎండే సరికి మానులోని వలయాలకు అడ్డంగా సుమారు 2.5 శాతం కుదించుకుంటే, వలయాల వెంట సుమారు 5.8 శాతం కుదించుకుంటుంది. అందరూ మెచ్చే టేకులోనే రెండు రెట్లు దాటిన తేడా ఇది. ఆ తేడాకే పలక పెంకులా దొప్ప తిరుగుతుంది. అడితి నుంచి తెచ్చిన పలకను నాలుగు రోజులు షెడ్డు గాలికి అలవాటు పడనివ్వకుండా మిషన్ ఎక్కిస్తే, ఈ రోజు తిన్నబడింది వారం తిరిగేసరికి మళ్లీ వంగుతుంది.

గుంటల లెక్క

నున్నగా ఉందనుకున్న పలకను వెలుతురుకు ఏటవాలుగా పెట్టి చూడండి. అడ్డంగా అలల్లాంటి గీతలు కనబడతాయి. బ్లేడు గుండ్రంగా తిరుగుతూ కోస్తుంది కాబట్టి ప్రతి దెబ్బకూ చెక్క మీద ఒక చిన్న దోనె పడుతుంది. రెండు దోనెల మధ్య మిగిలిన గట్టే ఆ గీత. నునుపు అంటే ఆ దోనెలు లేకపోవడం కాదు, మన కంటికీ వేలికీ అందనంత లోతు తక్కువగా ఉండడం.

ఈ లోతును లెక్కగట్టవచ్చు. మూడు బ్లేడ్ల బ్లాకు నిమిషానికి 5000 సార్లు తిరుగుతుంటే సెకనుకు 250 కోతలు పడతాయి. ఆరడుగుల పలకను 20 సెకన్లలో తోశామనుకుందాం. సెకనుకు దాదాపు 90 మిల్లీమీటర్లు కదిలింది కాబట్టి కోతకూ కోతకూ మధ్య 0.36 మిల్లీమీటరు. కానీ మూడు బ్లేడ్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే ఎత్తులో ఉండడం అరుదు. కాస్త పైకి ఉన్న బ్లేడు మిగతా రెండింటి గుర్తులను చెరిపేస్తుంది. అప్పుడు కంటికి కనబడే గీతల మధ్య దూరం ఒక మిల్లీమీటరు దాటుతుంది. బ్లేడు తిరిగే వలయం వ్యాసం 76 మిల్లీమీటర్లు ఉంటే ఆ దోనెల లోతు సుమారు 0.004 మిల్లీమీటరు. వేలికి తెలియదు.

అదే పలకను తొందరపడి 5 సెకన్లలో లాగేస్తే? గీతల మధ్య దూరం నాలుగింతలవుతుంది. లోతు మాత్రం నాలుగింతలతో ఆగదు, పదహారింతలై 0.06 మిల్లీమీటరుకు చేరుతుంది. దూరం ఎన్ని రెట్లు పెరిగితే లోతు దాని వర్గమంత పెరుగుతుంది, అది వృత్తం స్వభావం. వార్నిష్ పడగానే ఆ గీతలు ఇనుమడించి కనబడతాయి. నాలుగో వంతు సమయంలో ముగించిన పనికి సాండ్ పేపరుతో గంట సేపు చెల్లించాల్సి వస్తుంది.

నారతో నడవడం

ఎద్దు వీపు మీద చేయి తోక వైపుకు నిమిరితే వెంట్రుకలు పడుకుంటాయి. తల వైపుకు నిమిరితే నిక్కపొడుచుకుంటాయి. చెక్క నార కూడా అంతే. నార పైకి తేలే దిశలో బ్లేడు నడిస్తే పోగులను ఒక్కొక్కటిగా తెంపుతూ పోతుంది. ఎదురు నడిస్తే బ్లేడు మొన పోగుల కిందికి దూరి, గొడ్డలిలా వాటిని పైకి లేపి చీలుస్తుంది. చీలిక బ్లేడు కన్నా ముందు పరుగెత్తుతుంది. ముఖం మీద పేళ్లు లేచి గుంటలు పడతాయి. అదే క్షణంలో మిషన్ చెక్కను మన వైపుకు వెనక్కి తన్నుతుంది. గరుకుతనం, ప్రమాదం ఒకే తప్పు నుంచి పుట్టడం ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

అందుకే మిషన్ వేయకముందే పలక పక్క అంచును చూడాలి. పలకను బల్ల మీద పెట్టినప్పుడు పక్కన కనబడే నార గీతలు, మన వైపుకు వచ్చేకొద్దీ కిందికి దిగుతూ ఉండాలి. అలా లేకపోతే పలకను ముందు వెనకలుగా తిప్పి పెట్టుకోవాలి. ముడి ఉన్న చోట, నార మెలికలు తిరిగిన చోట దిశ మాటిమాటికీ మారుతుంది. అక్కడ తీసే మందం బాగా తగ్గించి, నెమ్మదిగా తోయడమే దారి.

రెండో నియమం, గుంట వైపు కిందికి. వంగిన పలకను ఉబ్బు వైపు కిందికి పెడితే, ఒక కోడు పొట్టిదైన మంచంలా అటూ ఇటూ ఊగుతుంది. ఊగే చెక్కకు తిన్నని ముఖం రాదు, దాన్ని పట్టిన చేతికి స్థిమితం ఉండదు. గుంట వైపు కిందికి పెడితే రెండు కొనలూ బల్ల మీద నిలకడగా ఆనుతాయి. ముందు ఆ కొనలే కోతకు వస్తాయి.

మూడోది చేతుల బరువు. ముఖం తీసేటప్పుడు పలకను గట్టిగా అదమకూడదు. అదిమితే వంపు అణిగి, వదలగానే మళ్లీ లేస్తుంది. కోత మొదలై, పలకలో సుమారు అడుగు పొడవు అవతలి బల్ల మీదికి చేరాక చేతి బరువు అటు మారాలి. కొత్తగా తిన్నబడిన ముఖమే ఆధారం కాబట్టి దాన్నే బల్లకు ఆనించి ఉంచాలి. బరువు చివరి దాకా ఇవతలే ఉంచేవాళ్ల పలకలు తిన్నబడవు. చేతిని కట్టర్ మీదుగా జరపకుండా, ఎత్తి అవతల పెట్టాలి. లేదా తోపుడు చెక్కతో నడపాలి.

ఒక విడతలో ఎంత తీయాలి? గట్టి చెక్క వెడల్పు ముఖానికి ఒక మిల్లీమీటరు లోపు, అంచుకు మిల్లీమీటరున్నర సరిపోతుంది. 3 మిల్లీమీటర్లు దాటిన కోత ఏ చెక్కకూ మంచిది కాదు. మోటారు మూలుగుతుంది, పేళ్లు లేస్తాయి, చెక్క తన్నుతుంది.

చేతికి మిగిలే సమయం

ఏదో జరిగిందని కంటికి తెలిసి చేయి వెనక్కి తీసుకోవడానికి మనిషికి సుమారు 0.2 సెకను పడుతుంది. సెకనుకు 250 కోతల మిషన్‌లో ఆ వ్యవధిలో 50 కోతలు పడిపోతాయి. బ్లేడు మొన వేగం గంటకు 70 కిలోమీటర్లు దాటి ఉంటుంది. అంటే ఈ మిషన్ దగ్గర చురుకుదనాన్ని నమ్ముకోవడం వృథా. చేయి అక్కడికి వెళ్లే అవకాశమే లేకుండా చూసుకోవడం ఒక్కటే రక్ష.

చెక్కను యంత్రంతో చిత్రిక పట్టే ఆలోచన పాతదే. ఇంగ్లండులో శామ్యూల్ బెంథామ్ 1791లో, అమెరికాలో విలియం వుడ్‌వర్త్ 1828లో ఇలాంటి యంత్రాలకు పేటెంట్లు పొందారు. చాలాకాలం పాటు చేతితో తోసే ప్లేనర్లలో కట్టర్ బ్లాకు చదరంగా ఉండేది. చదరపు బ్లాకు తిరిగేటప్పుడు మూలలు పైకి వస్తాయి, మూలల మధ్య లోతైన ఖాళీ ఉంటుంది. జారిన వేలు ఆ ఖాళీలోకి దిగుతుంది, మరుక్షణం తర్వాతి మూల వచ్చి తగులుతుంది. అలా మొత్తం చెయ్యే పోయినవాళ్లున్నారు. బ్లాకును గుండ్రంగా మార్చి, బ్లేడు మొన మాత్రం కొద్దిగా బయటికి ఉండేలా చేయడంతో ఆ లోతు పోయింది. 1922 నాటి బ్రిటన్ నిబంధనలు చేతితో తోసే ప్లేనర్లకు గుండ్రటి బ్లాకును తప్పనిసరి చేశాయి. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ కూడా ప్రమాదకరమైన యంత్ర భాగాలకు కంచె ఉండాలంది. బ్లాకు గుండ్రబడినా బ్లేడు బ్లేడే. అది గాయాన్ని తగ్గిస్తుంది, తప్పించదు.

తప్పించేది గార్డు. చెక్క వస్తే పక్కకు జరిగి, చెక్క దాటగానే స్ప్రింగుతో మూసుకునే ఆ చిన్న రెక్కను అడ్డంగా ఉందని విప్పి మూల పడేసిన షెడ్లు ఎన్నో. ఎక్కువ ప్రమాదం పలక చివరలోనే ఉంటుంది. చెక్క అయిపోతుంది, తోసే ఊపు మిగిలి ఉంటుంది, చేయి ఆ ఊపుతో ముందుకు పోతుంది. ఆ క్షణానికే గార్డు, ఆ క్షణానికే తోపుడు చెక్క. దాన్ని షెడ్డులోని ముక్కలతోనే చేసుకోవచ్చు: అడుగున పలక వెనక అంచును పట్టుకునే ఒక పట్టీ, పైన రంపపు పిడి లాంటి పిడి. బ్లేడు తగిలినా పోయేది చెక్కే.

అడుగు కన్నా పొట్టి ముక్కను ఈ మిషన్ మీద పెట్టకూడదు. పొట్టి ముక్క బల్లల మధ్య సందులోకి తల వంచుతుంది. ఆ పని చేత్తో పట్టే తోపడది. పొడవాటి పలకను చిత్రిక పట్టాకే ముక్కలుగా కోసుకోవడం ఇంకా మేలు. పాత చెక్కలో మేకు మిగిలి ఉందేమో వెతకాలి. చేతికి తొడుగులు వేసుకోకూడదు. వేళ్లు కాపాడతాయనుకున్న తొడుగే చేతిని లోపలికి లాగుతుంది. కండువా, వదులు చొక్కా చేతులు, మణికట్టుకు కట్టిన దారాలు కూడా అంతే. మనిషి పలకకు సూటిగా వెనక కాక పక్కన నిలబడాలి.

మన ఊళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఇంకొకటుంది. కరెంటు పోతే చాలామంది స్విచ్చి కట్టకుండా టీకి వెళ్లిపోతారు, లేదా కట్టర్‌లో ఇరుక్కున్న పొట్టు తీస్తూ కూర్చుంటారు. కరెంటు వస్తుంది. మామూలు స్విచ్చి ఉన్న మిషన్ తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది. కరెంటు పోగానే విడిపోయి, మళ్లీ బటన్ నొక్కితేనే పట్టుకునే స్టార్టరు పెట్టుకుంటే ఈ ప్రమాదం ఉండదు. పొలం మోటారుకు ఆటో స్టార్టరు పెట్టి, కరెంటు రాగానే నీళ్లు పారేలా చేసుకోవడం మనకు అలవాటు. ఆ ఏర్పాటు ఈ మిషన్‌కు పనికిరాదు.

మూడు మిల్లీమీటర్ల పరీక్ష

ఇక మిషన్ ఆరోగ్యం. పలక చివర రెండంగుళాల మేర గుంట పడుతోందంటే అవతలి బల్ల బ్లేడు కన్నా కిందికి ఉంది. చివరి భాగం ఇవతలి బల్ల ఆధారం వదలగానే ఆ తేడా మేరకు జారి బ్లేడు మీద పడింది. పలక ముందు కొన అవతలి బల్ల అంచుకు తట్టుకుంటోందంటే, లేదా కోత పోనుపోను సన్నబడి ఆగిపోతోందంటే, అవతలి బల్ల ఎత్తుగా ఉంది. ఈ వెంట్రుకవాసి తేడాను కనిపెట్టడానికి ఖరీదైన కొలత పరికరం అక్కర్లేదు. తిన్నని కర్ర ముక్క, స్కేలు, పెన్సిలు చాలు.

ప్లగ్గు పీకేయండి. కర్రను అవతలి బల్ల మీద పెట్టి, దాని కొన కట్టర్ మీదికి వచ్చేలా చాపండి. బల్ల అంచు దగ్గర కర్ర మీద గీత పెట్టండి. ఇప్పుడు బ్లాకును ముట్టుకోకుండా, బెల్టు చక్రాన్ని పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. బ్లేడు వచ్చి కర్రను కాస్త ఎత్తి, కొంత దూరం లాక్కెళ్లి వదిలేస్తుంది. మళ్లీ గీత పెట్టి రెండు గీతల మధ్య దూరం కొలవండి. 76 మిల్లీమీటర్ల వలయంలో కర్ర 3 మిల్లీమీటర్లు జరిగితే బ్లేడు బల్ల కన్నా సుమారు 0.03 మిల్లీమీటరు పైన ఉందన్నమాట. 6 మిల్లీమీటర్లు జరిగితే 0.06 కాదు, 0.12. దోనెల లోతును లెక్కించిన వర్గం లెక్కే ఇక్కడా. కంటికి కనబడని ఎత్తును వృత్తం మనకు స్కేలు మీద వంద రెట్లు పెంచి చూపిస్తుంది.

ఒక్కో బ్లేడుకు రెండు కొసలా, మూడు బ్లేడ్లకూ కలిపి ఆరు కొలతలు తీయండి. ఆరూ సుమారు 3 మిల్లీమీటర్లు వస్తే మిషన్ సరిగా ఉన్నట్టే. ఒక బ్లేడే ఎక్కువ లాగితే అది పైకి ఉంది. అన్నీ ఒక పక్కే ఎక్కువ లాగితే బ్లేడ్లూ బల్లా సమాంతరంగా లేవు. కర్ర అసలు కదలకపోతే బల్ల ఎత్తుగా ఉంది.

బ్లేడు మొద్దుబారితే ముందు చెవికి తెలుస్తుంది. కోత శబ్దం బొంగురుపోతుంది. తర్వాత చేతికి తెలుస్తుంది, ఎక్కువ బలం పెట్టి తోయాల్సి వస్తుంది. ఆ అదనపు బలమే చెక్క ఒక్కసారిగా దాటినప్పుడు చేతిని కట్టర్ వైపుకు విసురుతుంది. టేకు పని ఎక్కువున్న షెడ్లలో బ్లేడ్లు త్వరగా అరుగుతాయి. టేకులో ఇసుకలో ఉండే సిలికా సన్నని రేణువులుగా ఉండడమే కారణం. సాన పట్టించేటప్పుడు మూడు బ్లేడ్లనూ కలిపే ఇవ్వాలి. ఒకటే అరిగి తేలికైతే బ్లాకు తూకం తప్పి కంపిస్తుంది. తిరిగి బిగించేటప్పుడు ఒక్కొక్క బ్లేడే విప్పి మార్చాలి. బోల్టులను మధ్య నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా బిగించాలి. అన్నీ అయ్యాక మొదటి నుంచి మరోసారి చూడాలి. వదులుగా వదిలిన బ్లేడు ఊడి వస్తే తుపాకీ గుండుకు తక్కువ కాదు. మేకు తగిలి బ్లేడుకు చిన్న గంటు పడితే పలక పొడవునా గీత వస్తుంది. ఒక బ్లేడును పక్కకు ఒక మిల్లీమీటరు జరిపితే దాని మంచి మొన ఆ గీతను చెరిపేస్తుంది.

రెండు బల్లలూ సమాంతరంగా ఉండడం అన్నిటికన్నా ముఖ్యం. బల్లల బయటి కొనలు వాలితే అంచు మధ్యలో లోతుపడుతుంది. పైకి లేస్తే మధ్యలో ఉబ్బుతుంది. కోస్తా ఊళ్లలో ఉప్పుగాలికి బల్లలు త్వరగా తుప్పు పడతాయి. ఒక చెమట చుక్క, టీ గ్లాసు అడుగు తడి చాలు మచ్చ పడడానికి. వారానికోసారి శుభ్రంగా తుడిచి పలచగా మైనం రుద్దితే తుప్పు ఆగుతుంది, చెక్క కూడా తేలిగ్గా జారుతుంది. సిలికాన్ స్ప్రేలు మాత్రం వద్దు, అది చెక్కకు అంటుకుంటే పాలిష్ పట్టదు. బ్లాకు కింద పొట్టు పేరుకుంటే బ్లేడ్లతో పాటు తిరిగి వచ్చి కొత్త ముఖం మీద నొక్కులు వేస్తుంది. ఆ పొట్టులోని సన్నని పొడి ఊపిరితిత్తులకు పగ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క పొడిని మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కుకు మాస్కు, చెవులకు రక్షణ పనిలో భాగం కావాలి.

మళ్లీ వెలుతురు దగ్గరికి

ఇంత చేసినా, అంచు తీసేటప్పుడు పలక ముఖం ఆనించే పక్క గైడు కచ్చితంగా 90 డిగ్రీలు నిలబడకపోవచ్చు. అర డిగ్రీ తేడా ఉందనుకుందాం. రెండు పలకల అంచులూ ఒకేలా తీస్తే ఆ తేడాలు కలిసి ఒక డిగ్రీ అవుతాయి, అతికిన తలుపు గూడు కప్పులా వంగుతుంది. దీనికి పనివాళ్లు వాడే ఉపాయం ఒకటుంది. మొదటి పలకను దాని ముందు ముఖం గైడుకు ఆనించి తీయాలి, రెండో పలకను వెనక ముఖం ఆనించి తీయాలి. అప్పుడు ఒక అంచు 89.5 డిగ్రీలు, రెండోది 90.5 డిగ్రీలు. రెండూ కలిస్తే 180. మిషన్‌లో తప్పు ఉన్నా అతుకు తిన్నగా వస్తుంది.

ఇప్పుడు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. గీత లేదు. పై పలకను వేళ్లతో కాస్త తిప్పి చూడండి. కొనల దగ్గర పట్టి పట్టి తిరిగితే అంచులు పొడవునా కలిసినట్టు. మధ్యలో బొంగరంలా తిరిగితే ఉబ్బు మిగిలి ఉంది, ఇంకో పలచని కోత కావాలి. మిషన్ వేసే ముందు గార్డు మూసుకుందో లేదో చూడండి, తోపుడు చెక్క చేతికి అందే చోట ఉందో లేదో చూడండి. ఆ తర్వాత 20 సెకన్లు తీసుకుని నెమ్మదిగా తోయండి.